పీకేసిన పన్ను ఇంకా నొప్పెడుతుంటే: దవడ కండరాల దీర్ఘకాలిక నొప్పి, ఒక కేసు పూర్తి వివరం

"డాక్టర్ గారూ, బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తే ఇది పోతుందని చదివాను. ఇవాళే ఇచ్చేస్తారా?"

కుర్చీలో కూర్చోగానే ఆమె అడిగిన మొదటి మాట ఇది. వయసు 36. కుడి చేయి చెంప మీదే ఉంది, మాట్లాడినంతసేపూ అక్కడి నుంచి తీయలేదు. ఆ ఇంజెక్షన్ చివరికి నేనే ఇచ్చాను. కానీ ఆ రోజు ఇవ్వలేదు, నాలుగున్నర నెలలు ఆగాను. ఎందుకు ఆగాను, తర్వాత ఎందుకు ఇచ్చాను, ఇచ్చాక ఏం జరిగింది, అందులో నా వల్ల జరిగిన పొరపాటు ఏమిటి అన్నది వరసగా రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఆమె ఉద్యోగం ఇంజనీరింగ్ డ్రాయింగులు సరిచూడటం. రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు స్క్రీన్ ముందే. నొప్పి మొదలై రెండున్నరేళ్లయింది. మొదట్లో కుడివైపు కింది దవడ పన్ను దగ్గర వచ్చేది. చల్లటివి తాగితే జివ్వుమనేది కాదు, రాత్రిపూట పోటు పెట్టేదీ కాదు. "లోపల ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు, నస పెడుతున్నట్టు" అన్నారామె. ఈ మాట తర్వాత చాలా పనికొచ్చింది. ఎక్స్‌రేలో ఏమీ తేలకపోయినా ఒకచోట ఆ పంటికి రూట్ కెనాల్ చేశారు. పది రోజులు తగ్గినట్టు అనిపించి మళ్లీ మొదలైంది. ఏడాది తర్వాత ఇంకోచోట ఆ పన్నే పీకేశారు. పీకాక కూడా నొప్పి అదే చోట, అదే తీరుగా ఉండిపోయింది. మెల్లగా చెవికి, కణతకి పాకింది. ఎడమవైపు కూడా కొంచెం మొదలైంది. రాత్రిపూట పళ్లకి తొడుక్కునే మెత్తటి నైట్ గార్డ్ ఒకటి కొనుక్కుని వాడితే పొద్దున లేచేసరికి దవడ ఇంకా బిగుసుకుపోయేది. నా దగ్గరికి వచ్చేనాటికి నెలలో 20 రోజులు ఏదో ఒక నొప్పి మాత్ర వేసుకుంటున్నారు.

రోజులో ఏ వేళ ఎక్కువగా ఉంటుందని అడిగాను. నొప్పిని సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే పొద్దున 3, సాయంత్రం ఆరింటికి 7 అన్నారు. సెలవు రోజుల్లో? కాస్త ఆలోచించి, "తక్కువే" అన్నారు. నిద్రలో పళ్లు కొరికేవాళ్లలో చాలామందికి పొద్దున ఎక్కువగా ఉండి పగలు సర్దుకుంటుంది. ఈమెకి దానికి తలకిందులుగా ఉంది. పగలు, అదీ పనిలో ఉండగా ఏదో జరుగుతోందని అప్పుడే అనుమానం వచ్చింది.

పరీక్షలో తేలింది

నొప్పి లేకుండా తెరవగలిగినంత తెరవమంటే నోరు 27 మిల్లీమీటర్లు తెరుచుకుంది. నొప్పి వచ్చినా సరే అంటే 36. నేను వేళ్లతో నెమ్మదిగా సాయం పడితే 43 దాకా వచ్చింది. పెద్దవాళ్లకి మామూలుగా 40 దాటాలి. సాయం పట్టినప్పుడు ఏదో అడ్డం తగిలి ఆగలేదు, బిగిసిన రబ్బరు సాగినట్టు సాగింది. కీలు లోపలి డిస్క్ అడ్డుపడి ఆగిన దవడ ఇలా సాగదు. చెవి ముందున్న కీలు మీద నొక్కితే నొప్పి లేదు. నోరు తెరిచి మూసేటప్పుడు టక్కుమనే శబ్దం లేదు. నాలుక అంచుల మీద పళ్ల అచ్చులు ఉన్నాయి. రెండు బుగ్గల లోపలా తెల్లటి గీత ఉంది. పళ్లు బిగించమంటే కుడి చెంపలో మాసెటర్ అనే నమిలే కండరం నిమ్మకాయంత లేచింది.

తర్వాత కండరాలను వేలితో నొక్కి చూశాను. దీనికి ఒక పద్ధతి ఉంది. 2014లో వచ్చిన అంతర్జాతీయ నిర్ధారణ ప్రమాణాల ప్రకారం మాసెటర్ మీద, కణత దగ్గరి టెంపొరాలిస్ మీద సుమారు ఒక కిలో బరువుతో రెండు సెకన్లు నొక్కాలి. నొప్పి వేరే చోటికి పాకుతుందేమో చూడాలంటే ఐదు సెకన్లు ఉంచాలి. ఒక కిలో అంటే ఎంతో వేలికి తెలియాలంటే వంటింటి తూకం మీద నొక్కి నొక్కి అలవాటు చేసుకోవాల్సిందే. నేను ఇప్పటికీ అప్పుడప్పుడు అలా సరిచూసుకుంటాను. ఇంకో ముఖ్యమైన సంగతి, నొక్కితే నొప్పి పుట్టడం ఒక్కటే చాలదు. "మీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా?" అని అడగాలి. గట్టిగా నొక్కితే ఎవరికైనా నొప్పి పుడుతుంది. రోగికి పరిచయమున్న నొప్పి పుట్టినప్పుడే దానికి అర్థం.

కుడి మాసెటర్ కింది భాగంలో, దవడ మూలకి రెండు వేళ్ల పైన, చర్మం కింద గట్టి ముడి తగిలింది. దాని మీద వేలు ఉంచాను. మూడో సెకనుకి ఆమె కళ్లు చెమర్చాయి. వేలితో కింది దవడలో పన్ను లేని ఖాళీని చూపించి, "అక్కడే. ఆ పన్నే. ఇదే నొప్పి" అన్నారు. నా వేలు ఉన్నది చెంప మీద, నొప్పి తెలుస్తున్నది పన్ను లేని చిగురులో.

మాసెటర్ నొప్పి కింది, పై దవడ పళ్లకి, చెవికి పాకడం కొత్త సంగతేమీ కాదు. ముఖం, పళ్లు, దవడ కండరాలు, వీటన్నిటి నొప్పి సంకేతాలు ట్రైజెమినల్ నరం గుండా మెదడు కాండంలో ఒకే చోటికి చేరతాయి. నొప్పి ఎక్కడి నుంచి బయల్దేరిందో మెదడు పొరబడే అవకాశం ఎక్కువ. అయినా రెండేళ్లుగా పంటినే నమ్మిన మనిషికి నా మాట మీద నమ్మకం కుదరాలి కదా. అందుకని మత్తుమందుతో పరీక్ష చేశాను. ముందు కింది దవడ నరానికి మత్తు ఇచ్చాను. పెదవి, చిగురు మొద్దుబారాయి, నొప్పి అలాగే ఉంది. నొప్పి పంటి మూలం నుంచో చిగురు నుంచో వస్తుంటే అప్పుడే పోవాలి. తర్వాత అడ్రినలిన్ కలపని లిడోకెయిన్ అర మిల్లీలీటరు ఆ ముడిలోకి ఎక్కించాను. నాలుగు నిమిషాలకి ఆమె చెంప మీది నుంచి చేయి తీశారు. నేను గమనించేదాకా తీసినట్టు ఆమెకే తెలియలేదు.

అప్పుడు ఏడ్చారు. నొప్పికి కాదు, పీకించుకున్న పన్ను గుర్తొచ్చి.

ఇలాంటి కేసుల్లో నాకు ఎప్పుడూ బాధ కలిగించేది ఇదే. పంటి నొప్పి అని వచ్చిన మనిషి చెంప మీద అర నిమిషం వేలు పెట్టి చూస్తే చాలు. పంటి మీద చల్లదనం పరీక్ష, తట్టి చూడటం, ఎక్స్‌రే, ఈ మూడింటిలో ఏదీ నొప్పిని సమర్థించనప్పుడు డ్రిల్లు చేతిలోకి తీసుకోకూడదు.

తీసివేయాల్సినవి తీసివేశాకే కండరం నొప్పి అని పేరు పెట్టాలి. 50 దాటినవాళ్లలో నములుతుంటే దవడ నొప్పి వచ్చి ఆపితే తగ్గుతూ, తల దువ్వుకుంటే మాడు నొప్పెడుతూ, చూపు మసకబారుతుంటే అది కణతల ధమని వాపు కావచ్చు. ఆలస్యం చేస్తే చూపు పోతుంది, వెంటనే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్త పరీక్షలు చేయించి వైద్యం మొదలుపెట్టాలి. నోరు తెరుచుకోవడం రోజురోజుకీ తగ్గుతుంటే, మెడలో గడ్డ, ముఖం తిమ్మిరి, బరువు తగ్గడం ఉంటే కణితి కోసం వెతకాలి. కరెంటు షాకులా సెకన్లపాటు కొట్టి ఆగిపోతే అది నరం నొప్పి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడ లాగితే గుండె సంగతి చూడాలి. ఈమెకి ఇవేవీ లేవు. కొన్ని డిప్రెషన్ మందుల వల్ల కూడా పళ్లు బిగించడం మొదలవుతుంది, అవి వాడటం లేదు. గురక లేదు. దవడంతా కనిపించే ఎక్స్‌రే మామూలుగా ఉంది. ఎంఆర్ఐ అవసరం అనిపించలేదు.

ఆందోళన, కుంగుబాటు తెలుసుకునే నాలుగు ప్రశ్నల పత్రంలో 12కి 7 వచ్చింది, అంటే మధ్యస్థం. దీన్ని పక్కన పెట్టకూడదు. "అంతా మీ మనసులోదే" అనడం తప్పు, మనసు గురించి అడగకపోవడమూ తప్పే.

నేను రాసుకున్న నిర్ధారణ ఇది: మాసెటర్, టెంపొరాలిస్‌లలో ఇతర చోట్లకి పాకే మయోఫేషియల్ నొప్పి (కండరంలోని ముడుల నుంచి పుట్టే నొప్పి), దానివల్ల వచ్చే తలనొప్పి, మెలకువలో పళ్లు బిగించే అలవాటు. నెలలో 15 రోజులకి మించి నొప్పి మాత్రలు వాడుతున్నారు కాబట్టి మాత్రల వల్లే తలనొప్పి తగ్గకుండా ఉండిపోయిందేమోనన్న అనుమానం కూడా రాసుకున్నాను.

ఇంజెక్షన్‌కి ముందు నాలుగున్నర నెలలు

"నేను పళ్లు బిగించను" అని ఆమె గట్టిగా చెప్పారు. చాలామంది అంతే, తెలిసి చేసే పని కాదది. వాదించకుండా తప్పులున్న ఒక డ్రాయింగు కాగితం చేతికిచ్చి, ఎన్ని తప్పులున్నాయో వెతకమని చెప్పి ఎదురుగా కూర్చున్నాను. అర నిమిషంలోనే కుడి చెంపలో కండరం లేచింది. ఒకసారి లేచి దిగడం కాదు, తాడు బిగించి కట్టేసినట్టు అలాగే ఉండిపోయింది. రెండు నిమిషాలాగి, "ఇప్పుడు మీ పళ్లు ఎక్కడున్నాయి?" అని అడిగాను. ఆమె ఉలిక్కిపడి నోరు కొంచెం తెరిచారు.

పళ్లు ఒకదానికొకటి తగలాల్సింది నమిలేటప్పుడు, మింగేటప్పుడు. మిగతా వేళల్లో పెదవులు కలిసి, పళ్ల మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. గట్టిగా కొరకాల్సిన పని కూడా లేదు, తేలిగ్గా తగిలించి గంటల తరబడి ఉంచినా కండరం అలిసిపోతుంది. "ల" అనబోయి ఆగితే నాలుక కొన అంగిట్లో ఎక్కడ ఆనుతుందో అక్కడే నాలుకని ఉంచమన్నాను. అలా ఉంచి పళ్లు బిగించడం కష్టం. స్క్రీన్ మూల ఒక చిన్న పచ్చ చుక్క, తలుపు గడియ మీద ఒకటి, ఫోన్ వెనక ఒకటి అంటించుకున్నారు. చుక్క కనపడినప్పుడల్లా పళ్లు చూసుకోవడం, బిగిసి ఉంటే ఊపిరి వదులుతూ వదిలేయడం, కాగితం మీద ఒక గీత పెట్టడం. మొదటి వారం రోజుకి 40కి పైగా గీతలు ఉన్నాయి. "నాకు సిగ్గుగా ఉంది" అన్నారు. సిగ్గెందుకు, కనపడని దాన్ని కనపడేలా చేశారు కదా అన్నాను.

మిగతావి: గోరువెచ్చటి తడిగుడ్డ రోజుకి రెండుసార్లు, పదిహేనేసి నిమిషాలు. నాలుక అంగిట్లోనే ఉంచి అద్దం ముందు నోరు నిటారుగా తెరవడం, ఆరు సెకన్లు ఆపి మూయడం, పూటకి ఆరుసార్లు. చూయింగ్ గమ్ బంద్. గట్టి పదార్థాలు కొన్నాళ్లు వద్దు. అయితే నెలల తరబడి మెత్తటివే తింటూ ఉండిపోతే కండరం ఇంకా బలహీనపడి త్వరగా అలిసిపోతుంది, అందుకని మూడు వారాల తర్వాత మామూలు తిండికి రమ్మన్నాను. మెత్తటి నైట్ గార్డ్ ఆపించాను. ఆమెకి రాత్రి కన్నా పగలే ఇబ్బంది ఎక్కువ కాబట్టి గట్టి అక్రిలిక్ గార్డ్ కూడా చేయించలేదు. నొప్పి మాత్రలు రెండు వారాల్లో తగ్గించుకుంటూ వచ్చాం. ఆ రెండు వారాలూ తలనొప్పి పెరిగింది. పెరుగుతుందని ముందే చెప్పాను కాబట్టి తట్టుకున్నారు. రాత్రి అమిట్రిప్టిలిన్ అనే మందు (తక్కువ మోతాదులో దీర్ఘకాలిక నొప్పికి వాడేది) 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టి మూడో వారానికి 20 చేశాం. నోరెండిపోవడం, పొద్దున మత్తు కొంచెం ఉన్నాయి. నిద్ర బాగుపడింది.

ఫిజియోథెరపిస్టు ఎనిమిది సార్లు చూశారు. చేతికి గ్లవ్ వేసుకుని, బొటనవేలు నోట్లో, మిగతా వేళ్లు చెంప మీద ఉంచి, మాసెటర్‌ని రెంటి మధ్య పట్టి నెమ్మదిగా వదులు చేయడం అందులో ముఖ్యమైన పని. మెడ, భుజాల వ్యాయామాలు కూడా నేర్పారు. సైకాలజిస్టు దగ్గర సీబీటీ, అంటే ఆలోచనలు, అలవాట్లు మార్చుకునేలా మాటలతో చేసే చికిత్స, ఆరు సార్లు. అక్కడికి వెళ్లడానికి మొదట ఒప్పుకోలేదు. నొప్పి ఎక్కువకాలం ఉంటే నరాల వ్యవస్థ సున్నితమైపోతుందని, చిన్న సంకేతాన్ని కూడా పెద్ద నొప్పిగా చదువుతుందని, దాన్ని మళ్లీ శాంతపరచడం కూడా వైద్యమేనని రెండు విడతలుగా కూర్చుని మాట్లాడాక ఒప్పుకున్నారు.

ఈ వరసకి గట్టి ఆధారం ఉంది. 2023 డిసెంబరులో బీఎంజే పత్రికలో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు దవడ దీర్ఘకాలిక నొప్పికి గట్టిగా సిఫారసు చేసినవి సీబీటీ, పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలు, శరీర భంగిమ సరిచేసే వ్యాయామాలు, చేత్తో చేసే ట్రిగ్గర్ పాయింట్ చికిత్స (కండరంలోని ముడులను వదులు చేయడం), ఇంట్లో చేసుకునే జాగ్రత్తలు, నొప్పి గురించి అర్థమయ్యేలా చెప్పడం. ఇంజెక్షన్ల కన్నా ఇవి చప్పగా కనిపిస్తాయి. చాలామంది వీటిని మొక్కుబడిగా ఒక కాగితం మీద రాసిచ్చి, అసలు వైద్యం వేరే ఉందన్నట్టు మాట్లాడతారు. నా అనుభవంలో సగానికి పైగా రోగులు వీటితోనే గట్టెక్కుతారు, సరిగ్గా చేయిస్తే.

ఎనిమిది వారాలకి సాయంత్రం నొప్పి 7 నుంచి 5కి, నొప్పి లేకుండా నోరు తెరవడం 27 నుంచి 35కి వచ్చాయి. గీతలు రోజుకి పన్నెండుకి తగ్గాయి. ఎడమవైపు నొప్పి పోయింది. పద్నాలుగో వారానికి నొప్పి 4. పద్దెనిమిదో వారంలోనూ 4. ఆమె ఒక్కరోజు కూడా మానలేదు, కాగితాలన్నీ తేదీలతో తెచ్చి చూపించారు. అయినా అక్కడే నిలిచిపోయింది. కుడి మాసెటర్ ఇంకా లావుగా, ఆ ముడి ఇంకా చేతికి తగులుతూనే ఉంది.

ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా

అప్పుడు బొటులినం టాక్సిన్, అంటే బొటాక్స్, సంగతి నేనే ఎత్తాను. ఆమె మొదటి రోజు అడిగిన దానికి నాలుగున్నర నెలల తర్వాత పూర్తి జవాబు చెప్పాను.

ఈ మందు నరం చివర, కండరాన్ని ఆనుకునే చోట పనిచేస్తుంది. కండరం ముడుచుకోవాలంటే నరం నుంచి అసిటైల్‌కోలిన్ విడుదలవ్వాలి. ఆ విడుదలకి అవసరమైన స్నాప్-25 అనే ప్రోటీన్‌ని టాక్సిన్ తెంపేస్తుంది. సంకేతం వస్తుంది గానీ కండరానికి అందదు. రెండు నుంచి ఐదు రోజుల్లో మొదలై, రెండు వారాలకి పూర్తి ప్రభావం కనపడి, సుమారు మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది. కండరాన్ని బలహీనపరుస్తుంది, అలవాటుని మాన్పించదు.

దీర్ఘకాలిక మైగ్రేన్‌కి 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని ఆమోదించింది. అక్కడ 31 చోట్ల మొత్తం 155 యూనిట్లు ఇస్తారు. దవడ కండరాల నొప్పికి అలాంటి ఆమోదం లేదు. ట్రయల్స్ ఫలితాలు ఒకే మాట చెప్పవు: కొన్నిట్లో మందు లేని ఉప్పునీరు (సెలైన్) కన్నా మెరుగ్గా ఉంది, కొన్నిట్లో సెలైన్ ఎక్కించినవాళ్లకీ దాదాపు అంతే తగ్గింది. ఇందాక చెప్పిన 2023 మార్గదర్శకాలు దీన్ని వద్దనే వైపే మొగ్గాయి. అయితే అది షరతుతో కూడిన సిఫారసు, అంటే విషయం తెలిసినవాళ్లలో ఎక్కువమంది వద్దనుకుంటారు, కొందరు కావాలనుకోవచ్చు. ఆ కొందరిలో ఈమె ఉన్నారా అన్నదే మా ఇద్దరి ముందున్న ప్రశ్న.

ఎముక గురించి కూడా చెప్పాను. జంతువుల మీద ప్రయోగాల్లో మాసెటర్‌కి టాక్సిన్ ఇచ్చాక దవడ కీలు దగ్గర ఎముక పలచబడింది. నమిలే ఒత్తిడి తగ్గితే ఎముక తగ్గుతుంది, అందులో ఆశ్చర్యం లేదు. మనుషుల్లో ఫలితాలు ఒకే తీరుగా లేవు. అందుకే ఎక్కువ మోతాదు పదేపదే ఇవ్వడానికి నేను ఒప్పుకోను.

మయస్తీనియా లాంటి నరాల, కండరాల జబ్బులు, గర్భం, పాలివ్వడం, అమైనోగ్లైకోసైడ్ యాంటీబయాటిక్స్ ఇవేవీ లేవని నిర్ధారించుకున్నాం. నేను ఒప్పుకోవడానికి కారణాలు ఇవి: నొప్పి మూలం ఆ కండరమేనని మత్తుమందు పరీక్షలో రుజువైంది. నాలుగున్నర నెలలు చేయాల్సినవన్నీ చేశారు, ఫలితం సగం దాకా వచ్చి ఆగింది. కండరం పెరిగి ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, బిగించడం ఎప్పుడు జరుగుతోందో ఆమెకి ఇప్పుడు తెలుసు. మొదటి రోజే ఇచ్చి ఉంటే మూడు నెలలు హాయిగా ఉండి, నాలుగో నెలలో మళ్లీ అదే కుర్చీలో అదే ప్రశ్న అడిగేవారని నా గట్టి నమ్మకం.

ఆమె ఇంటికెళ్లి వారం ఆలోచించుకుని వచ్చి సరేనన్నారు.

ఇచ్చిన రోజు

100 యూనిట్ల ఒనాబొటులినంటాక్సిన్-ఏ (బొటాక్స్ అసలు పేరు) వయల్‌లో 2 మిల్లీలీటర్ల సెలైన్ కలిపాను. అంటే 0.1 మిల్లీలీటర్‌కి 5 యూనిట్లు. బ్రాండు మారితే యూనిట్ లెక్క మారిపోతుంది, ఒకదాని మోతాదు ఇంకోదానికి వాడకూడదు. కుడి మాసెటర్‌కి మూడు చోట్ల కలిపి 30, ఎడమకి 15, కుడి టెంపొరాలిస్‌కి రెండు చోట్ల కలిపి 10 యూనిట్లు. ఎడమ నొప్పి లేదు కదా అంటే, ఒకవైపే బలహీనపడితే నమలడమంతా రెండోవైపు పడుతుందని కొంచెం ఇచ్చాను.

పళ్లు బిగించమని చెప్పి కండరం ముందంచు, వెనకంచు పెన్సిల్‌తో గీసుకోవాలి. చెవి ముందు నుంచి నోటి మూలకి ఒక గీత గీసి, దాని కిందే ఉండాలి. పైకి వెళితే లాలాజల నాళం, నవ్వు కండరాలు ఉంటాయి. ముందంచుకి కనీసం ఒక సెంటీమీటరు లోపల ఉండాలి. 30 గేజ్ సూది, కొంత మందు లోతుగా, కొంత పైపొరలో. అంతా లోతుగానే ఇస్తే పైపొర ఒక్కటే పనిచేసి, బిగించినప్పుడల్లా చెంపలో ఉండలా ఉబికి రావచ్చు. పది నిమిషాల పని.

ఇక నా పొరపాటు. ముందంచు గీసేటప్పుడు ఆమె పూర్తిగా బిగించలేదు. గీత అసలు అంచు కన్నా కొంచెం ముందుకి పడింది. దాన్ని నమ్మి మూడో పాయింట్ ఇచ్చాను. తొమ్మిదో రోజు ఆమె ఫోన్ చేసి, "నవ్వితే కుడి మూల సరిగ్గా లేవడం లేదు" అన్నారు. రమ్మని చూశాను. నోటి మూలని పక్కకి లాగే రైసోరియస్‌కి మందు కొంచెం చేరింది. మాట్లాడుతుంటే తెలియదు, పెద్దగా నవ్వితే తెలుస్తుంది. ఎక్కడ తప్పు జరిగిందో దాచకుండా చెప్పాను. విరుగుడు లేదని, దానంతటదే పోవాల్సిందేనని చెప్పాను. ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల్లో ఆమెకి దగ్గరివాళ్ల వేడుక ఒకటి ఉంది. ఫొటోల్లో పెదవులు మూసుకునే ఉన్నారట. అప్పటి నుంచి నేను అంచుని మూడుసార్లు బిగింపించి, మూడుసార్లు తడిమి చూశాకే గీస్తున్నాను.

ఇచ్చాక

ఐదో రోజుకి చెంప మెత్తబడింది. రెండో వారానికి నొప్పి 3, నాలుగో వారానికి 2, ఎనిమిదో వారానికి 1. నొప్పి లేకుండా నోరు 42 తెరుచుకుంది. కొంచెం గట్టివి నమిలితే దవడ త్వరగా అలిసిపోయేది, మింగడంలో ఇబ్బంది లేదు. మొత్తం ఇంజెక్షన్ వల్లే తగ్గిందని చెప్పలేను. వ్యాయామాలు, సీబీటీ, మందు అన్నీ సాగుతూనే ఉన్నాయి. ఇలాంటి నొప్పులు వాటంతటవే కొంత హెచ్చుతగ్గులు పడతాయి. సూది పడిందన్న నమ్మకం కూడా పనిచేస్తుంది. ఒక్క కేసులో వీటిని విడదీయడం కుదరదు.

ఆ మూడు నెలలు మేం ఊరికే గడపలేదు. "ఇప్పుడు బిగిద్దామన్నా రావట్లేదు, అందుకే ఇప్పుడే నేర్చుకోవడం తేలిక" అని ఆమే అన్నారు. పని మధ్యలో ప్రతి 40 నిమిషాలకి లేవడం, స్క్రీన్ ఎత్తు సరిచేసుకోవడం, గడువు దగ్గరపడ్డ రోజుల్లో చుక్కలు రెట్టింపు చేసుకోవడం ఈ కాలంలోనే స్థిరపడ్డాయి. గీతలు రోజుకి మూడుకి వచ్చాయి.

పద్నాలుగో వారంలో కండరంలోకి బలం తిరిగి రావడం మొదలైంది. పదహారో వారానికి నొప్పి 2. "రెండోది ఎప్పుడిద్దాం?" అని వచ్చారు. నాలుగు వారాలు ఆగి, రోజూ రాసి తెమ్మన్నాను. భయంగా ఉందన్నారు, మళ్లీ మొదటికొస్తుందేమోనని. నొప్పి 4 దాటి వారం ఉంటే అప్పుడు తక్కువ మోతాదులో ఇద్దామని మాట ఇచ్చాను. నాలుగు వారాలూ 1కి, 2కి మధ్యే ఉంది. రెండోది ఇవ్వలేదు. తొమ్మిదో నెలలో అమిట్రిప్టిలిన్ మెల్లగా తగ్గించి ఆపేశాం.

పదో నెలలో ఒకసారి తిరగబెట్టింది. పెద్ద ప్రాజెక్టు గడువు, రెండు వారాలు సరిగ్గా నిద్ర లేదు, నొప్పి 5. ఐదు రోజులు నాప్రోక్సెన్ అనే నొప్పి మాత్ర, మళ్లీ వేడి కాపడం, ఫిజియోథెరపిస్టు దగ్గర రెండు సార్లు. పన్నెండు రోజుల్లో 2కి దిగింది. ఈసారి ఆమె భయపడలేదు, నాకు ఫోన్ చేసేసరికే పచ్చ చుక్కలు కొత్తవి అంటించుకున్నారు.

పద్నాలుగో నెలలో చివరిసారి చూశాను. సాయంత్రం నొప్పి 1 లేదా 2, కొన్ని రోజులు అసలు లేదు. నొప్పి మాత్రలు నెలకి రెండు మూడు రోజులు. ఆందోళన, కుంగుబాటు పత్రంలో 12కి 3. కుడి మాసెటర్ ఎడమదానికన్నా ఇంకా కొంచెం లావుగానే ఉంది. ముడి ఉంది గానీ నొక్కితే పంటికి పాకడం లేదు.

పీకేసిన పన్ను చోట ఇంప్లాంట్ పెట్టించుకుందామనుకుంటున్నారు. గంటన్నర నోరు తెరిచి ఉంచడం ఈ దవడకి చిన్న విషయం కాదు. ఇంప్లాంట్ చేసే డాక్టర్ గారికి ఉత్తరం రాసిచ్చాను: ఒక్కోసారి 40 నిమిషాలకి మించొద్దు, పళ్ల మధ్య రబ్బరు దిమ్మ పెట్టండి, పది నిమిషాలకోసారి నోరు మూసి విశ్రాంతి ఇవ్వండి, ముందు రోజు, తర్వాతి మూడు రోజులు వేడి కాపడం పెట్టుకోమనండి. పైన పెట్టే పన్ను ఎత్తు కొంచెం కూడా ఎక్కువ కాకుండా చూడండి. తర్వాత ఆ చోట మళ్లీ నొప్పి అంటే, ఇంప్లాంట్‌ని కదిపే ముందు కుడి చెంప మీద, దవడ మూలకి రెండు వేళ్ల పైన, ఐదు సెకన్లు వేలు నొక్కి చూడండి.